కొనని కస్టమర్

"ఈ పలక నాకొద్దండీ. పరుపులు అమ్మడానికి నోరు చాలు," అంటూ పెద్దాయన టాబ్‌ని మేనేజరు బల్ల మీదకి తోశాడు.

ఆ పరుపుల షాపులో సేల్స్ వాళ్ళందరికన్నా ఆయనే సీనియరు. మేనేజరుది ఆయన కూతురి వయసు. ఆమె టాబ్‌ని మళ్ళీ ఆయన వైపే తోసింది.

"నాలుగింటికి పరీక్ష. ఇందులో ప్రాక్టీస్ కస్టమర్ ఉంటాడు. మీరు టైప్ చేస్తే జవాబిస్తాడు. అతని చేత పరుపు కొనిపించాలి. కొనిపించలేకపోతే సోమవారం నుంచి గోడౌన్‌కి వెళ్ళండి."

"గోడౌన్‌లో నేనేం చెయ్యాలి?"

"అందరూ చేసేదే. పరుపులు ఎత్తాలి, దించాలి."

"ఇరవై రెండేళ్ళుగా అమ్ముతున్నాను. తాతకి దగ్గులు నేర్పుతారా?"

"నిన్న పరీక్ష రాసినవాళ్ళకి రెండు గంటలే ఇచ్చాను. మీకు ఆరు ఇస్తున్నాను. ఇక్కడ కూర్చుంటే అవి కూడా తరిగిపోతాయి."

పెద్దాయనకి ఒళ్ళు మండింది. టాబ్ చంకలో పెట్టుకుని, ఓ చేత్తో నడుం పట్టుకుని లేచాడు. నడుం నొప్పి ఉందని ఆయన ఎవరికీ చెప్పలేదు. పరుపులమ్మే మనిషికే నడుం నొప్పంటే వినేవాళ్ళు నవ్విపోరూ? కానీ గోడౌన్‌లో రెండు రోజులు బరువులెత్తితే మూడో రోజుకి మంచమే గతి. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

కర్టెన్లు అమ్మే ఆవిడ వచ్చి ఎక్కడ నొక్కాలో చూపించింది. "అన్నయ్యా, మరతో పేచీ పెట్టుకోకండి."

"మరతో నాకేం పేచీ అమ్మా? దాన్ని తెచ్చిన మనిషితోనే."

ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశాడు. "రండి. ఏ పరుపు కావాలి?"

"ఏదీ వద్దు. ఊరికే చూద్దామని వచ్చాను," అని తెర మీద జవాబు వచ్చింది.

"ఊరికే చూడ్డానికి ఇదేమన్నా జంతు ప్రదర్శనశాలా?"

"మర్యాద లేని చోట కొనను. వెళ్తున్నాను. మళ్ళీ మొదలుపెట్టండి."

మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ వెళ్ళిపోయాడు ఆ కస్టమర్. ఒంటిగంటకల్లా తొమ్మిదిసార్లు వెళ్ళిపోయాడు. ఓసారి అద్దాల గదిలో మేనేజరు ఫోన్లో ఎవరినో కడిగేస్తుంటే, ఆ అరుపులు ఆగేదాకా తెర మీద ఒక్క ముక్క రాలేదు.

"చూశావా అమ్మా, మర కూడా ఆవిడకి జడుస్తోంది," అన్నాడు పెద్దాయన కర్టెన్లావిడతో.

పదోసారి ఆయనకి ఓపిక చచ్చిపోయింది. ఎవరికీ వినపడకుండా తిట్టుకోడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? వేలు నొప్పెట్టేలా పొడిచాడు. "నువ్వూ మా మేనేజరు లాంటిదానివే. ఆముదం తాగిన మొహం. నవ్వితే జీతం కోసేస్తారనుకునే రకం."

తెర చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత జవాబు వచ్చింది.

"మీ మేనేజరు సంగతి నాకెందుకు? పొద్దున లేచేసరికి నాకు నడుం పట్టేస్తోంది. ఏ పరుపు కొనాలి?"

పెద్దాయన సర్దుకుని కూర్చున్నాడు. ఇది ఆయనకి తెలిసిన ప్రశ్న.

"మరీ మెత్తటిది కొనకండి. షాపులో హాయిగా ఉంటుంది, ఇంట్లో చంపుతుంది. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి దూర్చండి. తేలిగ్గా దూరితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తన. కాస్త ఇరుకుగా దూరితే అదే మీ పరుపు."

"ఇంత బాగా ఎలా తెలుసు?"

అటూ ఇటూ చూశాడు. మర కదా, ఎవరికి చెబుతుంది? "నాకూ అదే నొప్పి. గోడౌన్‌లో వేస్తే నేను మళ్ళీ లేవను. కానీ ఆవిడకి చెప్పను. ఆ మనిషి జాలి నాకక్కర్లేదు."

"ఆవిడకి చెప్పకండి. కస్టమర్‌కి చెప్పండి. నొప్పి తెలిసినవాడు చెబితే నేనైతే నమ్ముతాను."

ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. అన్నం తినడం కూడా మర్చిపోయి మూడున్నర దాకా ఆ కస్టమర్‌తోనే కూర్చున్నాడు.

నాలుగింటికి పరీక్ష మొదలైంది. కస్టమర్ ఆయన్ని ఉతికి ఆరేశాడు. పక్క షాపులో ఇంతకన్నా మంచిది చూశానన్నాడు. మీ స్ప్రింగులు ఆర్నెల్లకే పోతాయటగా అన్నాడు. పెద్దాయన గొంతు దాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాడు. "నాకూ నడుం నొప్పేనండీ. రాత్రి నేను పడుకునేది ఈ పరుపు మీదే. ఓ ఐదు నిమిషాలు పడుకుని చూడండి, తర్వాత మీ ఇష్టం," అని టైప్ చేశాడు.

"సరే. ఇదే ఇవ్వండి."

పెద్దాయన లేచి తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళాడు.

"కొన్నాడు."

"చూశాను," అంది మేనేజరు, కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండా.

"ఇందులో మీ గొప్పేం లేదు. నాకు నేర్పింది ఆ మర. పొద్దుటి నుంచీ ఎన్ని మాటలన్నా పడింది. ఓపికంటే ఏమిటో దాన్ని చూసి నేర్చుకోండి."

"అయిందా? ఇంక వెళ్ళండి. నాకు పనుంది."

ఆయన గిర్రున తిరిగాడు. తలుపు దాటాడో లేదో చేతిలో టాబ్ టింగుమంది.

"సోమవారం కొత్తవాళ్ళు ముగ్గురు వస్తున్నారు. వాళ్ళకి కస్టమర్‌గా మీరు కూర్చోవాలి. పొద్దుటి నుంచీ టైప్ చేసి చేసి నా వేళ్ళు పడిపోయాయి. ఇట్లు, ఆముదం తాగిన మొహం."