రెండు గ్లాసుల టీ

గంగులయ్య ముందు రెండు టీ గ్లాసులు పెట్టారు. ఒకటి తిమ్మారెడ్డి తెప్పించింది, ఇంకొకటి గుర్విరెడ్డి తెప్పించింది. ఏది ముందు తాగినా చిక్కే. గంగులయ్య రెండు చేతులా రెండు గ్లాసులూ ఎత్తుకుని ఇందులో ఒక గుక్క, అందులో ఒక గుక్క తాగాడు.

జమ్మలమడుగులో అబ్దుల్ సలాం కట్టెల డిపో అది. బాంబులతో విసిగిపోయిన నాలుగూళ్ళు ఒక కట్టు కట్టుకున్నాయి. ఒకరి పొలిమేరలోకి ఇంకొకరు ఆయుధంతో అడుగు పెట్టకూడదు. ఏ తగాదా వచ్చినా ముందు ఈ డిపోలో కూర్చుని మాట్లాడుకోవాలి.

తిమ్మారెడ్డిది ఒక పార్టీ, గుర్విరెడ్డిది ఇంకో పార్టీ. ఇద్దరి ఊళ్ళ మధ్య ఇరుక్కున్న గొర్రెల కాపర్ల పల్లె గంగులయ్యది. ఈ రాత్రి ఒక రెడ్డి చేలో మంద కడితే, మర్నాడు ఇంకో రెడ్డి చేలో కట్టేవాడు. గొర్రెల ఎరువు కూడా ఇద్దరికీ సమంగా పడాలి మరి!

"పేపర్లో సదివినా మామా," అన్నాడు సలాం, అందరినీ కాస్త నవ్విద్దామని. "కొన్ని దేశాలు రక్షణకని కూటమి కట్టుకున్యాయంట. అందులో ఒక చిన్న దేశం ఇటూ వాలకుండా అటూ వాలకుండా నెట్టుకొస్తాందంట. ఆడికి నిన్ను మంత్రిగా పంపాల."

ఎవరూ నవ్వలేదు. తిమ్మారెడ్డి తమ్ముడు మద్దిలేటి పోయి వారం కూడా కాలేదు.

గుర్విరెడ్డి చేని గట్టు పక్కన తల పగిలి పడి ఉన్నాడు మద్దిలేటి. ఆ రోజుల్లో పార్టీల మనుషులు పొద్దు వాలితే బాట మీద నిటారుగా నడిచేవాళ్ళు కాదు. గట్ల చాటున వంగి వంగి పోయేవాళ్ళు. ఎవరైనా చస్తే ఎట్లా చచ్చాడని అడిగేవాళ్ళూ లేరు. ఏ పక్కవాళ్ళు చంపారని మాత్రమే అడిగేవాళ్ళు.

"సంపింది వీళ్ళే," అన్నాడు తిమ్మారెడ్డి. "మా వాళ్ళు ఇంగ ఆగరు."

"నా బిడ్డల మీద ఒట్టు. మాకు తెల్దు," అన్నాడు గుర్విరెడ్డి. "ఆ పొద్దు మంద మా చేలోనే ఉన్నింది. గంగులయ్యనే అడుగు."

అందరి కళ్ళూ గంగులయ్య మీద పడ్డాయి. గుర్విరెడ్డి మనుషులను చూశానంటే ఒక ఊరు తగలబడుతుంది. వీళ్ళు కాదంటే ఇంకో ఊరు పగబడుతుంది.

"తోడేళ్ళ బాధ శానా ఉన్నింది రెడ్డీ. మంద సుట్టూ తిరుగుతాంటి," అన్నాడు తలెత్తకుండా. "మనిషినైతే నేను యెవర్నీ సూడలేదు."

రెడ్లిద్దరూ తలాడించారు. ముసలోడు ఎటూ వాలలేదు. ఇద్దరికీ అదే చాలు.

ఇక మధ్యేమార్గం సలామే చెప్పాడు. గుర్విరెడ్డి ఒక మనిషిని పోలీసులకు అప్పగించాలి. తిమ్మారెడ్డి బాంబులు బయటికి తీయకూడదు. కేసుకు మనిషిని అప్పజెప్పడం అప్పట్లో కొత్తేమీ కాదు. చంపినవాడే పోవాలన్న పట్టింపూ లేదు.

గుర్విరెడ్డి ఎక్కువసేపు ఆలోచించలేదు. వాకిట్లో నిలబడ్డ తన జీతగాడి వైపు చెయ్యి చూపించాడు.

"చిన్నన్న పోతాడు."

చిన్నన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా వచ్చి గంగులయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మామా, ఆ పొద్దు తెల్లారే ప్రొద్దుటూరు పోయింటి. నువ్వే గదా చెయ్యెత్తి బస్సు ఆపింది! మల్లా మర్నాడు గదా నేను వస్తి. ఒక్క మాట చెప్పు మామా. నా పెండ్లాం కడుపుతో ఉండాది."

అంతా నిజమే. బస్సెక్కి చిన్నన్న చెయ్యి ఊపడం కూడా గంగులయ్యకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. తిమ్మారెడ్డి అతని నోటి వంకే చూస్తున్నాడు. గంగులయ్య చల్లారిపోతున్న రెండు గ్లాసుల వంక చూశాడు.

"నాకు గుర్తు లేదు నాయనా."

చిన్నన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

పోతూ పోతూ తిమ్మారెడ్డి గంగులయ్య భుజం తట్టాడు. "నువ్వు ధర్మాత్మునివప్పా. యా పక్కా వాలవు." గుర్విరెడ్డి కూడా వెనకాలే వచ్చి, రెండో భుజం తట్టి అదే మాట అన్నాడు. ఆ ఇద్దరూ తట్టిన భుజాలు గంగులయ్యకు ఇంటికి చేరేదాకా మండుతూనే ఉన్నాయి.

డిపోలో జరిగింది అప్పటికే విన్న భార్య సుబ్బలక్ష్మమ్మ సంగటి పెట్టింది. గంగులయ్య ముద్దను పక్కకు నెట్టాడు.

"రేపు పాడి మేకను చిన్నన్న ఇంటికి తోలు," అన్నాడు.

"ఆ పక్కకు ఒకటి తోలితే ఈ పక్కకూ ఒకటి తోలాల గదా?" అని ఎగతాళి చేయబోయి, అతని కళ్ళు చూసి ఆగిపోయింది. "ఏంది, ఏడుస్తాండావా? నువ్వు మాత్రం ఏం సేస్తావు? ఊరి కోసరం నోరు మూసుకుంటివి."

"ఊరి కోసరం గాదే..." అన్నాడు గంగులయ్య.

ఆమె చెంబుతో నీళ్ళందించింది. "సరే, తిని మంద కాడికి పో. తోడేళ్ళు మల్లా తిరుగుతాండాయంట. రాళ్ళు ఇసిరే నీ వడిసెల యాడ పెట్టినావు? ఎప్పుడూ భుజాన్నే ఏలాడేది, ఈ మద్దెన కనపడ్లేదే?"

గట్టు చాటున వంగి వస్తున్నది తోడేలనుకుని రాయి విసిరి, దగ్గరికి పోయి మద్దిలేటి మొహం చూసిన ఆ సాయంత్రమే, గంగులయ్య ఆ వడిసెలను పెన్న ఇసుకలో పూడ్చేశాడు.