సగంలో ఆగిన రేడియో

తొంభైల్లో మేడ్చల్ స్టేషన్ వెనక ఒక అద్దెగదిలో కొందరు చేరి, తమకొచ్చిన పని ఒకరికొకరు నేర్పుకునేవారు. రేడియోల పని చెయ్యి పట్టి నేర్పే అమీర్ అలీ చనిపోయి వారమైంది. ఆయన సగంలో వదిలిన రేడియోను బాగుచేసి ఆయన భార్య రుఖియాకు అందించాలని, శిష్యురాలు సాయిప్రియ ఆ సాయంత్రం ఒక్కతే కూర్చుంది. చీకటిపడ్డాక వాళ్ళ కొడుకు సోహైల్ వచ్చి పట్టుకెళతానన్నాడు.

ఆఖరి తీగ అతికిస్తుంటే కరెంటు పోయింది. చీకట్లో చెయ్యి పక్కకి జారింది. వెనకనుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకుని నిలిపారు.

"వచ్చావా సోహైల్? టార్చి వెయ్యి."

టార్చి వెలగలేదు. ఆ వేళ్ళు ఆమె చేతిని కాస్త పక్కకి జరిపాయి. తీగ సరిగ్గా తన చోట ఆనింది.

అప్పుడు తలుపు మోగింది.

"అక్కా, నేను సోహైల్‌ను. లోపల గడియేసుకున్నవేంది? జల్దీ తియ్యి!"

సాయిప్రియ లేవబోయింది. మణికట్టు మీది పట్టు బిగిసింది.