గోరింకల పని

"టికెట్టు వాళ్లే పంపిస్తామంటే వద్దనేవాళ్లు ఉంటారా?" లక్ష్మక్క నెత్తిమీది మేతమోపు దబ్బున కింద పడేసింది. "హోసూరు కంపెనీ పని పోయినప్పటి నుంచి మంచం దిగవు. సీషెల్స్ దీవుల వాళ్లు మళ్లీ రమ్మంటే పోనంటావు. ఏమప్పా నీ కత?"

దొడ్లో మేకల కాళ్ల మధ్య గోరింకలు మిడతల కోసం గెంతుతున్నాయి. ఆమె కొడుకు యతీశ్ అటు చూడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ వీధిలో విమానం ఎక్కిన మొదటి మనిషి వీడే. ఎక్కిపోయి ఏం చేసి వచ్చాడో మాత్రం ఎవరికీ తెలియదు. "పక్షుల పని" అన్నాడు. కొడుకు పిట్టలకు మేతవేసి జీతం తెచ్చుకున్నాడని లక్ష్మక్క వేప్పనపల్లి ఊరంతా చాటుకుంది.

"ఆడ ఎవరన్నా కొట్టినారా?"

"లేదు."

"కూడు సరిగ్గా పెట్టలేదా?"

"పెట్టినారమ్మా. మంచోళ్లే."

"మరేం రోగం నీకు?"

యతీశ్ ఇక దాచలేకపోయాడు. "మేతవేసే పని కాదమ్మా. గోరింకల్ని పట్టి చంపే పని."

"అయ్యో! అవేం పాపం చేసినాయిరా?"

"అవి ఆ దీవివి కావు. ఎప్పుడో ఎవరో మన పక్క నుంచి తీసుకుపోయి వదిలినారంట. ఆ దీవి సొంత పిట్ట ఒకటుండాది. నల్లగా, రెక్కమీద తెల్లమచ్చతో. ఇవి పోయి దాని గుడ్లు తినేస్తాయి. ఆ దేశంలో ఒక జాతి చిలక ఇప్పటికే లేకుండా పోయింది. ఆఫీసులో దాని బొమ్మ మాత్రం ఉండాది. ఇది కూడా బొమ్మ కాకూడదని వాళ్ల బాధ."

"మరి నల్లపిట్ట బతికిందా?"

"బతికింది. గుడ్లు పొదిగి పిల్లల్ని కూడా చేసింది."

"అట్లయితే మంచి పనే కదప్పా!" లక్ష్మక్క ప్రాణం కుదుటపడింది. ఆమెకు పిట్టల మీద జాలి లేకపోలేదు. కొడుకు మీద ఇంకాస్త ఎక్కువుంది, అంతే.

"ఒక గోరింకను బోనులో ఎరగా పెట్టేవాళ్లం. అది అరిస్తే మిగతావి వచ్చి పడేవి. దానికి నీళ్లూ గింజలూ నేనే. ఆ దీవిలో తెలుగు మాట్లాడుకునేదానికి నాకు అదొక్కటే దొరికింది. నేను పిలిస్తే అది పలికేది, వాళ్లు చూసి నవ్వేవాళ్లు. కడాకు అదొక్కటే మిగిలింది. దాన్ని కూడా తీసేయమన్నారు." యతీశ్ మళ్లీ గోడవైపు తిరిగాడు. "తెల్లారి చూస్తే బోను తలుపు తెరుచుకొని ఉండాది."

"తెరుచుకుందా, తెరిచినావా?"

వాడు తల దించుకున్నాడు. అన్నింటినీ చంపినందుకు సిగ్గో, ఒక్కదాన్ని వదిలినందుకు సిగ్గో వాడికే తెలియదు.

లక్ష్మక్క పక్కన కూర్చుని వాడి తల నిమిరింది. "పోనీలే. జత కూడా లేని ఒంటిపిట్ట ఏం చేస్తుంది? దాని పాటికి అది బతుకుతుంది. నువ్వు ఆడికి పోయి వేరే పని ఏదన్నా చేసుకో."

"ఇప్పుడదే నల్లపిట్ట గుడ్లు తింటా ఉండాదంట. తుపాకీకి చిక్కదు. ఏ బోను దగ్గరికీ రాదు."

"అంతమందికీ చిక్కనిది నీకెట్ల చిక్కుతుందప్పా?"

"ఈసారి బోనులో పిట్టను పెట్టరమ్మా. పక్కన నన్ను నిలబెట్టి, తెలుగులో పిలవమంటా ఉండారు."