కల్నల్ గారి ఆఖరి సిపాయి

"మళ్లీ ఆగిపోయిందండీ కల్నల్ గారూ!"

సిపాయి ఫోన్‌లో అంత సంబరంగా చెబుతుంటే విన్నవాళ్లెవరూ మెషీన్ ఆగిందనుకోరు, మనవడు పుట్టాడనుకుంటారు.

"ఏ మీట నొక్కినా పలకట్లేదా?" అవతల కల్నల్ గొంతూ కళకళలాడింది.

"ఉలుకూ లేదు, పలుకూ లేదు."

కల్నల్ ఒక్కరోజైనా సైన్యంలో పనిచేసినవాడు కాదు. ఆయన పనిచేసింది కెర్నెల్‌లో. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి గుండెకాయ. అది కొట్టుకుంటుండగానే పట్టి ఆపి, లోపల ఏ నరం మెలిపడిందో, అంటే బగ్గు అనే తప్పు ఎక్కడుందో చూపించే డీబగ్గర్ ఒకటి రాశాడాయన. ఒక్క మీట నొక్కితే చాలు, గడియారంతో సహా మెషీనంతా ఎక్కడిదక్కడ బొమ్మలా నిలబడిపోయేది. ఆ రోజుల్లో దానికోసం ప్రోగ్రామర్లు బారులు తీరారు. కల్నల్ ఆఫీసులో నలభై ఫోన్లు ఒకేసారి మోగేవి.

తర్వాత కొత్త సిస్టమ్‌లొచ్చాయి. బయటివాళ్లకు గుండెలో చోటు లేదని తలుపులేసుకున్నాయి. డీబగ్గర్లు అమ్మినవాళ్లు బెగ్గర్లయ్యారు. నలభై ఫోన్లు నాలుగయ్యాయి, నాలుగూ ఒకటైంది. ఆ ఒక్కటీ సీసాల ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌ది. సైన్యమంతా చెదిరిపోగా మిగిలిన సిపాయి, అక్కడి ఆపరేటర్.

ఆ గదిలో పాతికేళ్ల కంప్యూటరు, ఒక కుర్చీ, ఒక బీరువా. గోడ మీద 'నడిచే మెషీన్‌ని కెలకొద్దు' అని ఎప్పుడో రిటైరైన పెద్ద ఇంజినీరు రాయించిన బోర్డు. డ్యూటీ ఎనిమిది గంటలూ సిపాయిని పలకరించేవి బెల్టు మీద వెళ్లే సీసాలే. ఇంటికెళ్తే అవీ ఉండవు. అవతల కల్నల్‌దీ అదే వరస. అయినా ఊరికే ఫోన్ చేసుకునే చొరవ ఇద్దరికీ లేదు. 'బాగున్నారా' అనడానిక్కూడా ఒక బగ్గు అడ్డుపెట్టుకోవాల్సిందే. కల్నల్ తన డీబగ్గర్‌ని సరిచేసి నెలకో కొత్త డిస్కు పోస్టులో పంపేవాడు. అందిన వారంలో సిపాయి, అది ఎక్కిస్తే మెషీన్ ఆగిపోయిందంటూ ఫోన్ చేసేవాడు. ఆరేళ్లుగా ఇదే.

ఇవాళ్టితో సరి. శుక్రవారం ఈ కంప్యూటర్‌ని పీకేసి కొత్తది పెడుతున్నారు. ఆ తర్వాత ఫోన్‌కి సాకు లేదు.

"టైమర్ భాగం చూడవోయ్. మూడో వరసలో తేడాగా ఏమన్నా ఉందా?"

సిపాయి కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తాపీగా తుడుచుకుంటూ, "ఆహా! సరిగ్గా అక్కడే దొరికాడండీ దొంగ!" అన్నాడు.

"వెనకాల ఆ గలగలేంటి?"

"క్యాంటీన్‌లో గ్లాసులు కడుగుతున్నారు లెండి."

ఇక గంటసేపు లోకాభిరామాయణం.

"మోకాళ్ల నొప్పికి డీబగ్గర్ లేదాండీ?"

"ఉందోయ్. కాకపోతే ముందు మనిషిని ఆపేస్తుంది."

ఇద్దరూ నవ్వారు. గంట దాటిపోయింది. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

"ఒక మాట చెబితే తిట్టవు కదా?" అన్నాడు కల్నల్.

"చెప్పండి."

"ఆ తప్పులన్నీ నేను పెట్టినవేనోయ్. ప్రతి డిస్కులోనూ కావాలనే ఒకటి పెట్టేవాణ్ణి. అన్నీ సవ్యంగా ఉంటే నువ్వు ఫోన్ చేయవుగా."

సిపాయి ఓసారి బీరువా వంక చూశాడు.

"ఎంత పని చేశారండీ! ఒక్కోసారి నా తల ప్రాణం తోకకొచ్చేది."

"మెషీన్ పోతే పోయింది. వచ్చే నెల ఇంకొకటి పంపనా? ఊరికే?"

"పంపండి కల్నల్ గారూ. అందిన రోజే ఎక్కిస్తా, ఎప్పట్లాగే."

ఫోన్ పెట్టేసి సిపాయి బీరువా తెరిచాడు: ఆరేళ్లుగా వచ్చిన డెబ్బై రెండు డిస్కులూ, ఒక్కసారైనా మెషీన్ ముఖం చూడకుండా, సీలు విప్పని కవర్లలోనే బారులు తీరి నిలబడి ఉన్నాయి.