అరచేతిలో టెంకాయ

సునంద అరచేతిలో అడ్డంగా పడుకున్న టెంకాయ ఒక్కసారిగా లేచి నిటారుగా నిలబడింది.

గట్టుకు ఇవతల, తన చీనీ బత్తాయి తోటలోంచి చూస్తున్న బయ్యన్న చటుక్కున తన బోరు వైపు తిరిగాడు. రాయి విసిరితే తన బోరు మోటారుకు తగిలేంత దగ్గర ఆ చోటు.

"ఈడనే," అంది సునంద.

ఆమె మొగుడు ఓబిలేష్ అక్కడ గుర్తుగా ఒక రాయి పెట్టాడు. బోరు లారీ వెనక్కు వెనక్కు రాసాగింది.

గార్లదిన్నె చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు బయ్యన్నకే కబురు వస్తుంది. పీచు ఒలిచి పిలక ఉంచిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని అతను పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ తనంతట తనే లేస్తుంది. ఆ విద్యను అతను ఒక్కరికే నేర్పాడు, తన కూతురు సునందకు.

చిన్నప్పుడు ఆ పిల్ల అతని వెంటే తిరిగేది. "నాయనా, నీళ్లుండేది దీనికెట్ల తెలుస్తాది?" అని అడిగేది.

"ఇది మన మెట్ట చెట్టు కాదమ్మా, సముద్రం ఒడ్డు చెట్టు. కాయ రాలి నీళ్లలో పడిందనుకో, తేలుకుంటా తేలుకుంటా పోతాది. యాడన్నా దీవిలో ఇసక తగిలితే ఆడ మొలుస్తాది. పసిఫిక్ సముద్రంలో దీవులన్నిటికీ అట్లనే ఈదుకుంటా పోయిందంట. అన్ని నీళ్లు చూసిన కాయకు మన బోరు నీళ్లు ఒక లెక్కనా?"

పదో తరగతికి వచ్చాక ఒకరోజు బడి నుంచి వస్తూనే వాదనకు దిగింది. "అన్ని దీవులకూ అదే పోలేదంట నాయనా. ఉన్న చోటు ఇడిచి కొత్త దీవికి పోయేటోళ్లు పడవల్లో ఏసుకొని పోయి నాటుకున్నారంట. తాగేకి నీళ్లు, తినేకి కొబ్బరి, తాడు పేనేకి పీచు, ఇంటిమీద కప్పేకి ఆకు. అదొక్క చెట్టుంటే యాడైనా బతకొచ్చని."

ఆ మాట బయ్యన్నకు భలే నచ్చింది. పెళ్లినాడు ఒడిబియ్యంలో టెంకాయ పెడుతూ, "నీ దీవికి ఎత్తుకొని పోమ్మా," అని ఏడుస్తూనే నవ్వాడు. ఆ దీవి ఎంతో దూరం లేదు. చెల్లెలి కొడుకు ఓబిలేష్ చేను గట్టుకు అవతలే.

ఇప్పుడు ఆ గట్టే ఎక్కి అరిచాడు. "ఏమప్పా ఓబిలేషూ, బుద్ధుండాదా నీకు? ఈడ బోరు ఏస్తే నా బోరు గతేమి? ఇంచు నీళ్లు వస్తాండాయి అంతే. కాపు మీదుండే తోట!"

ఓబిలేష్ తలెత్తలేదు. "నువ్వెందుకు భయపడతావు మామా? మా చేన్లో చుక్క నీళ్లు లేవని పోయినేడు నువ్వే తిరిగి చూసి చెప్తివి గదా. దుమ్మే లేస్తాదిలే."

లారీ పనివాళ్లు కిసుక్కున నవ్వారు.

బయ్యన్న మొహం మాడిపోయింది. నిజమే, ఆ చేను తిరిగి చూసింది అతనే. తర్వాత ఓబిలేష్ తోటలో సగం చెట్లు ఎండి కట్టెలైపోయాయి. చెల్లెలు మొత్తుకుంటుంటే, "దేవుడు ఎవరి భూమిలో నీళ్లు పెడితే వాళ్లకే కదమ్మా," అని ఓదార్చిందీ అతనే. ఈరోజు ఆ ఇంటివాళ్లే తన తోట మీదికి వచ్చారు. అదీ తన బిడ్డను ముందు పెట్టుకుని.

కూతురి వైపు తిరిగాడు. "నా మాట మీద నమ్మకం లేక నువ్వు మళ్లా పట్టినావా టెంకాయ?"

"లేచింది గదా నాయనా." ఆమె అతని మొహం చూడలేదు.

"నీ చెయ్యి అదిరింటాది."

"వేళ్లు తగలగూడదని నువ్వే నేర్పిస్తివి. తగల్లేదు."

బోరు మిషన్ మొదలైంది. తెల్లటి దుమ్ము లేచి రెండు తోటలనూ కమ్మేసింది. బయ్యన్న తన బోరు దగ్గరికి వెళ్లి, నీళ్లు పోస్తున్న పైపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు. దుమ్మే రావాలని ఊళ్లోని దేవుళ్లందరికీ మొక్కాడు.

పొద్దు వాలుతుండగా మిషన్ చప్పుడు మారింది. దుమ్ము బురదైంది. ఇంకాసేపటికి నీళ్లు లారీని దాటి పైకి చిమ్మాయి. ఓబిలేష్ ఆ బురదలోనే గంతులేశాడు.

ఇవతల బయ్యన్న చేతి కింద పైపు ఒకసారి దగ్గింది. ఎర్రనీళ్లు కక్కింది. తర్వాత గాలి. తర్వాత ఏమీ లేదు.

అతను లేచి గట్టు దగ్గరికి వెళ్లాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడ్తివి కదే! నేను నేర్పిన విద్యతో నా గొంతే కోస్తివి కదే! పరాయోళ్లు చేసింటే ఓర్చుకుందును. కన్నకూతురివి, నువ్వు చేస్తివే నాకు మోసం!"

సునంద తడిసిన కొంగు పిండుకుంటూ గట్టు మీదికి వచ్చింది. ఆ రోజు మొదటిసారి తండ్రి కళ్లలోకి సూటిగా చూసింది.

"పోయినేడు ఇదే చోట నీ చేతిలో లేచిన టెంకాయను నువ్వు బొటనేలితో అణిచి పడుకోబెట్టినప్పుడు, నీ ఎనకాల నడుస్తాండింది నేనే నాయనా."