మార్నీ తెచ్చిన సీసా

"చేపలు తెచ్చావా అమ్మాయ్, బీరు తెచ్చావా?"

లీలండ్ మస్సార్ట్ అడిగిన తీరుకి హాలంతా గొల్లుమంది.

మార్నీ నవ్వలేదు. ఐసు పెట్టెలోంచి తువ్వాలు చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. మామూలు గోధుమరంగు సీసా. పేరు చీటీ కూడా లేదు. బెల్జియన్ ఘాటు బీరని మాత్రం చెప్పింది.

అమెరికాలోని గ్రీన్ బే ఊరి చుట్టుపక్కల ఇళ్ళలో బీరు కాచుకునేవాళ్ళ సంఘం అది. నెలకోసారి ఆర్డెల్ బార్ వెనక హాల్లో కలుస్తారు. చాలామంది తాతముత్తాతలు బెల్జియం నుంచి వచ్చినవాళ్ళే. సంఘంలో చేరాలంటే తొలి బీరు పట్టుకుని రావాలి. అధ్యక్షుడు నలుగురి ముందూ రుచి చూసి తీర్పు చెప్పాలి. అది ఆనవాయితీ. లీలండ్ అధ్యక్షుడయ్యాక అది కాస్తా వినోదమైపోయింది. ఆయన నోట పడి మొహం వేలాడేసుకోకుండా ఇంటికెళ్ళిన కొత్తవాడు లేడు.

ఆ రోజు ఆయన మరీ హుషారుగా ఉన్నాడు. రాష్ట్ర పోటీలకు ప్రధాన న్యాయనిర్ణేతగా ఆయన పేరు పంపడానికి కాసేపట్లో అందరూ చేతులెత్తబోతున్నారు. అంతకుముందు కాలక్షేపానికి ఈ పిల్ల దొరికింది. మిల్వాకీ నుంచి ఈమధ్యే వచ్చిందట. అంతకుమించి ఆమె గురించి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ ఎవరికీ లేదు.

"మొదటిసారే బెల్జియన్ ఘాటు బీరా? నడక రాకుండానే గోడ దూకుదామనుకున్నావన్నమాట."

"నాకిదంతా కొత్త సార్."

"అది నీ మొహమే చెబుతోంది. ఏ ఈస్ట్ వేశావు? ఎంత చక్కెర పోశావు?"

"అవన్నీ మీరే చెప్పాలి సార్. ఒక్క గుక్క తాగితే చెప్పేస్తారట కదా. నాకు మీ తీర్పు కావాలి. అందుకే వచ్చాను."

"విన్నారా? ఏం పోసిందో కూడా తెలియదట!" లీలండ్ జనం వైపు తిరిగాడు. "ఊరందరికీ బూయా పులుసు కాచే అంత పెద్ద కుండలో కూడా కోడి ఎంతో ఎద్దుతోక ఎంతో మా అమ్మకి తెలిసేది. సరే, మిగతా సీసాలేవీ? ఒక్కటే తెచ్చావేం, మా మీద జాలా?"

"పేలిపోయాయి సార్. ఇదొక్కటీ ఫ్రిజ్‌లో ఉండబట్టి మిగిలింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరి చూపులు కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ మీదికి పోయాయి.

అది నార్బ్ డెల్ఫాస్ కూర్చునే కుర్చీ. లీలండ్‌కి ముందు అధ్యక్షుడు ఆయనే. పోయిన క్రిస్మస్‌కి లీలండ్ కానుకగా ఇచ్చిన బీరు పెట్టె, నార్బ్ ఇంటి నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పక్కన పేలింది. నార్బ్‌కి రెండు కళ్ళూ పోయాయి. "ఇంకా పులుస్తోందని చూసుకోలేదు, తొందరపడి మూతలు బిగించేశాను" అని లీలండ్ ఆస్పత్రి వరండాలో భోరుమన్నాడు. షెరీఫ్ పొరపాటని రాసుకుని వెళ్ళిపోయాడు. జనం నార్బ్‌తో పాటు లీలండ్‌ని కూడా ఓదార్చారు.

"పాపం, ఆ పిల్లని ఏమీ అనకు లీలండ్," అంది ఆర్డెల్, గ్లాసులు తుడుస్తూ. "నీ అంతటివాడికే జరిగింది. ఇదీ అదే పొరపాటు అయ్యుంటుంది."

లీలండ్ మొహం మాడిపోయింది. తనకీ, ఏం పోసిందో తెలియని ఈ పిల్లకీ పోలికా!

మూత లాగేశాడు. గ్లాసులోకి కాస్త వంపాడు. దీపానికి ఎత్తి చూశాడు. ఒక గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్మాడు. ఇంకో గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆశ్చర్యం! అసలు బీరు చక్కగా కాచారు. ఇది నీ పని కాదు. ఎవరో చెయ్యి తిరిగినవాడి పని. ఆ తర్వాతే తగలెట్టారు."

"తొందరపడి మూత బిగించేశారా సార్?"

"నీకు చెప్పినా బుర్రకెక్కదు. ఆర్డెల్, నువ్వు విను. నాది పులవడం పూర్తి కాని బీరు. ఇది పూర్తిగా పులిసింది. తాగి చూడు, గొంతు మండుతుంది. అంత పులిస్తే ఇంత తీపి మిగలకూడదు. ఇదేమో పాకంలా ఉంది. అంటే బీరు తయారయ్యాక, మూత బిగించే ముందు, గుప్పెళ్ళతో చక్కెర పోశారు. వెచ్చటి చోట పెట్టావో, అదంతా గ్యాసే. దీన్ని సీసా అనరు, బాంబు అంటారు."

"చెయ్యి జారి పడిందేమో సార్?"

"ఇంత మూతిలో అంత చక్కెర చెయ్యి జారి పడుతుందా? గరాటు పెట్టి మరీ పొయ్యాలి. గాడిద కూడా పొరపాటున చెయ్యలేని పని ఇది. చేసినవాడికి ఏమవుతుందో తెలుసు. తెలిసే చేశాడు."

"అంత ఖాయంగా చెబుతున్నారా?"

"కోర్టుకి పిలిచినా ఇదే చెబుతాను. చాలా?"

ఆర్డెల్ గ్లాసు తుడవడం ఆపేసింది.

మార్నీ సీసాకి బిరడా బిగించింది. మళ్ళీ తువ్వాలు చుట్టి ఐసులో పెట్టింది.

"ఇంకా దాస్తావేం ఆ చెత్త? తీసుకెళ్ళి కాలవలో పారబొయ్యి."

"కోర్టులో తప్పకుండా చెబుదురుగాని లీలండ్ గారూ," అంది మార్నీ, "పోయిన క్రిస్మస్‌కి మీరిచ్చిన పెట్టెలోంచి మా నార్బ్ మావయ్య చల్లగా తాగుదామని తీసి ఫ్రిజ్‌లో పెట్టుకున్న సీసా ఇది."