రెక్క చివర ఎడమ చెయ్యి

అక్రాలో దిగిన ఆ చిన్న విమానం నిలబడాల్సిన చోటికి దాదాపు వచ్చేసింది. ఇంకాస్త ముందుకి పాకితే చాలు, ముక్కు పసుపు గీత మీదికి చేరేది. అంతలో ఠక్కున ఆగిపోయింది.

“ఇప్పుడేం వచ్చిందయ్యా?” అంటూ అదుసెయి కిటికీకి ముక్కు ఆనించాడు.

పక్క సీట్లో నానా ఒఫోసు కూచుని ఉన్నారు. నానా అంటే ఎగువన అడవి ఊళ్లకి రాజు. రాజు నలుగురిలో తన నోటితో మాట్లాడడు. ఆయన మాట పలకడానికే అదుసెయి ఉన్నాడు. అందుకే ఇద్దరి మాటలూ తనొక్కడే మాట్లాడి అలిసిపోతుంటాడు.

బయట, ఎడమ రెక్క చివర ఒక పిల్ల. పచ్చ చొక్కా, చెవులకి హోరు ఆపే డిప్పలు. విమానాలకి ఆనించే మెట్ల బండిని ఎవరో వాడి ఖాళీగా వదిలేశారు, దాని చాటున ఉంది. తలా, ఒక భుజమూ మాత్రం కనిపిస్తున్నాయి. ఎర్ర కర్ర పట్టుకున్న చెయ్యి అదే పనిగా ఊపుతోంది, ఆగు, ఆగు అని.

“ఎడమ చెయ్యి!” అదుసెయి గొంతు చించుకున్నాడు. “మా నానా వైపు ఎడమ చెయ్యి ఊపుతోంది! అదీ కూచుని మరీ!”

విమానమంతా కిటికీల వైపు ఒరిగింది. ఎడమ చేత్తో దారి చూపించడం కూడా తప్పే ఆ దేశంలో. తప్పనిసరైతే ముందు మన్నించమని అడిగి ఆ తరవాత చూపించాలి. చంటిపిల్లలకి తల్లులు మొదట నేర్పేది అదే.

“కూచున్న చోటినుంచే విమానాలు ఆపేస్తోంది, ఎంత హాయి ఉద్యోగం!” అంది వెనక సీటులో బట్టల కొట్టావిడ. “మా కోడలికి సరిగ్గా సరిపోతుంది.”

నవ్వులు ఎక్కువసేపు నిలవలేదు. తలుపు తీయరు. సీట్లోంచి లేవనివ్వరు. చల్లగాలి ఆగిపోయింది. ఒక పసివాడు ఏడుపు అందుకున్నాడు. ఉక్కతో అందరి చొక్కాలూ వీపులకి అతుక్కుపోయాయి. బంగారు కడియాల కింద నానా చేతులు చెమటతో మెరుస్తున్నాయి. ఆయన కళ్లు మాత్రం ఆ పిల్ల మీదినుంచి కదల్లేదు.

విమానం ముక్కుకి ఎదురుగా రెండు కర్రలతో నిలబడ్డ లాంప్టేకి ఒళ్లు మండిపోయింది. విమానాన్ని లోపలికి పిలిచేది అతను. రెక్కలు దేనికీ తగలకుండా చూసేందుకు పెట్టిన మనుషుల్లో ఆ పిల్ల, జిఫా, కొత్తది, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మొన్ననే గాలికెగిరిన గోతాం ముక్కని చూసి విమానం ఆపేసింది. “ఇంకోసారి ఇలా ఉత్తుత్తినే ఆపావో, ఆ చొక్కా విప్పించి ఇంటికి పంపుతాను” అని అందరి ముందూ చెప్పాడు లాంప్టే.

ఇవాళ చూస్తే సముద్రపు గాలి తప్ప ఏమీ లేదు. మెట్ల బండికీ రెక్కకీ మధ్య బోలెడు జాగా ఉంది. బండి నిలబడే ఉంది.

రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. “జిఫా, లే! రెండో కర్ర ఏది? ఆపాలంటే రెండూ అడ్డంగా పట్టాలని ఎన్నిసార్లు చెప్పాను తల్లీ నీకు?”

పిల్ల నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఇంజన్ల హోరులో ఏమీ వినపడలేదు. ఎడమ చెయ్యి మాత్రం ఇంకా గట్టిగా ఊగింది.

“పాట పాడుతోందా ఏమిటి?” అని పళ్లు కొరికి, లాంప్టే తన కర్రలు రెండూ పైకెత్తాడు. రా, రా, ముందుకి రా అని పైలట్‌కి సైగ చేశాడు.

పైలట్ ఇరుకున పడ్డాడు. ముందున్నవాడు రమ్మంటున్నాడు. రెక్క దగ్గరిది ఆగమంటోంది. తన సీట్లోంచి మెడ విరిగేలా తిరిగినా రెక్క చివర కనపడదు. చెయ్యి బ్రేకు మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి విసుగ్గా ఇంజన్లు ఆపేశాడు. “ఇక్కడే దించేద్దాం. ఎండలో నడుస్తారు, ఏం చేస్తాం!”

తలుపు కిందికి వాలి మెట్లయింది. అందరికంటే ముందు అదుసెయి దూకాడు. వెనకాలే నానా దిగారు, గొడుగు పట్టే మనిషి కోసం కూడా చూడకుండా. ఆయన అంత వేగంగా నడవడం అదుసెయి ఎన్నడూ చూడలేదు. అటునుంచి లాంప్టే పరుగెత్తుకొచ్చాడు.

“ముందు ఆ చొక్కా విప్పి నా చేతికివ్వు!” అని దూరంనుంచే కేకేశాడు. “రేపట్నించి నువ్వు ఇటు రానక్కర్లేదు.”

“ఉద్యోగం సంగతి తరవాత!” అదుసెయి అతన్ని తోసుకుని ముందుకొచ్చాడు. మెట్ల బండికి ఇవతలే ఆగి, చేతికర్ర నేలకేసి కొట్టాడు. “ఏయ్ పిల్లా! పెద్దమనిషి నడిచి వస్తే లేవవా? మీ ఇంట్లో నీకు నేర్పింది ఇదేనా? లేచి నిలబడు. కుడి చెయ్యి చాపి మా నానాకి క్షమాపణ చెప్పు!”

బండి అవతలినుంచి వచ్చిన గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉంది.

“మన్నించండి నానా, గాలికి రెక్క మీదికి దొర్లుతున్న ఈ బండికి అడ్డు పెట్టడానికి చేతికి వేరే ఏదీ దొరక్క, నా కుడి చెయ్యే చక్రం కింద పెట్టాను.”